మాట తెగిన తీగ

నేను ఒక తీగను. ఆరు మూరల పొడవు, నల్లటి తొడుగు, ఒక చివర వెడల్పాటి మూతి, ఇంకో చివర చిన్న మూతి. ఇంత చెబితే చాలు, నాలాంటివి ఓ అరడజను మీ ఇంట్లో ఏదో సొరుగులో చిక్కుపడి ఉన్నాయని మీకు గుర్తొచ్చే ఉంటుంది. ఏ తీగ దేనికో మీకు తెలియదు, పారేయడానికేమో మనసు రాదు. మా జాతి బతుకంతా ఆ రెండింటి మధ్యనే గడిచిపోతుంది.

తీగకు ఆత్మకథేమిటని మీరు నవ్వుకోవచ్చు. నవ్వండి, నేనూ నవ్వుకుంటూనే చెబుతున్నాను. తీగకు కళ్ళూ చెవులూ ఎక్కడివని అడిగితే మాత్రం నా దగ్గర జవాబు లేదు. కళ్ళూ చెవులూ ఉన్నవాళ్ళు రాసుకున్న ఆత్మకథల్లో కూడా చూడనివీ విననివీ బోలెడు ఉంటాయి కాబట్టి, నా విషయంలోనూ కాస్త చూసీ చూడనట్టు పోండి.

నా తొడుగు లోపల నాలుగు సన్నటి రాగి తీగలుంటాయి. ఎరుపు, నలుపు, ఆకుపచ్చ, తెలుపు. ఎరుపూ నలుపూ కరెంటు మోస్తాయి. ఆకుపచ్చా తెలుపూ సమాచారం మోస్తాయి, అంటే ఫోటోలనూ వీడియోలనూ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి చేరవేస్తాయి. ఈ తేడా నాకు మొదట్నుంచీ బాగా తలకెక్కింది. కరెంటు మోయడం కూలి పని అనీ, కబురు మోయడం చదువుకున్నవాళ్ళ పని అనీ నా అభిప్రాయం. ఎరుపు నలుపుల్ని నా ఒంట్లోనే పెట్టుకుని వాటిని చిన్నచూపు చూసేదాన్ని.

నేను పుట్టిన ఊరు పేరు నా మీద చిన్న అక్షరాలతో అచ్చు వేశారు గాని, అది ఎప్పుడో అరిగిపోయింది. నాకు బుద్ధి తెలిసేసరికి చీరాలలో ఒక ఫోటో స్టూడియోలో ఉన్నాను. పెళ్ళిళ్ళ సీజను వచ్చిందంటే నాకు ఊపిరి సలిపేది కాదు. తలంబ్రాలు, అప్పగింతలు, భోజనాల బంతిలో నోరు తెరిచి ఉండగా పట్టుబడిన పెద్దమనుషులు, అందరూ నా ఒంట్లోంచే కెమెరా దాటి కంప్యూటరులోకి వెళ్ళారు. పెళ్ళికూతురు కళ్ళు మూసుకున్న ఫోటోలు కూడా ఆమె మొగుడికంటే ముందు నా దగ్గరికే వచ్చేవి. చీరాల పెళ్ళిళ్ళన్నీ నా మీదే నడుస్తున్నాయని అనుకునేదాన్ని. ఫోటోలో ఏముందో అర్థమయ్యేది మాత్రం కాదు. టపా మోసేవాడికి ఉత్తరం చదవడం రానక్కర్లేదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

తర్వాత కొత్త కెమెరాలు వచ్చాయి. వాటికి నా చిన్న మూతి పట్టదు. స్టూడియో కాస్తా జిరాక్సు కొట్టు అయింది. నన్ను ఇంకో గుప్పెడు తీగలతో కలిపి, బజారులో సెల్‌ఫోన్లు బాగుచేసే మస్తాన్‌కు ఇచ్చేశారు. అతను నన్ను ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టాడు. ఆ డబ్బాలో మూడేళ్ళున్నాను. అక్కడ ఉన్న ప్రతి తీగా ఒకప్పుడు తానెంత గొప్ప యంత్రాలకు తగులుకుందో చెప్పేది. వినేవాళ్ళెవరూ లేరు, అందరం చెప్పేవాళ్ళమే.

ఒకనాడు మూత తెరుచుకుంది. కొట్టు ముందు భావనారాయణ నిలబడి ఉన్నాడు. ఇతను కొరియర్ ఆఫీసులో పని చేస్తాడు. ఆదివారం వస్తే హెల్మెట్ మీద అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద కెమెరా ఒకటి బిగించుకుని, బైకు మీద తిరిగి, ఆ వీడియోలు నలుగురికీ కనిపించేలా పెడతాడు. చూసేవాళ్ళు నూట పన్నెండు మంది, అందులో సగం చుట్టాలు.

"బ్యాటరీ నలభై నిమిషాలకే అయిపోతంది మస్తానన్నా. పవర్ బ్యాంకు తగిలిస్తే రికార్డింగు ఆగిపోతంది" అన్నాడు.

"ఆగిపోద్ది" అన్నాడు మస్తాన్, నన్ను డబ్బాలోంచి లాగి దులుపుతూ. "ఈ తీగలో మాట్లాడే తీగలు రెండుంటాయి. అయి తగిలితే నీ కెమెరా, అవతల కంప్యూటరు ఉందనుకుంటది. ఫోటోలు అడుగుద్దేమోనని చేసే పని ఆపి, చేతులు కట్టుకుని కూర్చుంటది. ఆ రెండూ కోసేస్తే సరి. కరెంటు ఒక్కటే పోద్ది, దాని పని అది చేసుకుంటది. ఇంతకీ ఎంతసేపు తియ్యాలి?"

"పొద్దున్నించి సాయంత్రం దాకా."

"ఏ ఊరు పోతన్నావేంది?"

"ఏ ఊరూ లేదన్నా. మా అత్త చేతులు తియ్యాలి."

మస్తాన్ బ్లేడు తీసుకుని నా తొడుగు నడుం దగ్గర నిలువునా చీల్చాడు. ఆకుపచ్చ తీగను ఒక్క కోత, తెల్ల తీగను ఒక్క కోత కోశాడు. పైన నల్ల టేపు చుట్టేశాడు. మూడేళ్ళ తర్వాత పని దొరికిందన్న సంతోషంలో ఉన్న నాకు ఏం జరిగిందో తెలిసేసరికి అంతా అయిపోయింది. నా చదువంతా పోయింది. మిగిలినవి కూలి తీగలు రెండే. ఒక చివర పవర్ బ్యాంకు, ఇంకో చివర కెమెరా తగిలించి చూస్తే కెమెరా మీద ఎర్ర లైటు మిణుకుమిణుకుమని మెరిసింది. భావనారాయణ ముఖం వెలిగిపోయింది. నా ఏడుపు ఎవరికీ వినపడలేదు, వినిపించే తీగలే కదా పోయాయి.

అత్త చేతుల సంగతి నాకు బైకు మీద వెళ్తుంటే కొంత, ఇల్లు చేరాక కొంత తెలిసింది. చీరాల పక్కన ఒక నేత కాలనీ. అక్కడ భావనారాయణ అక్క నాంచారి, ఆమె భర్త వీరయ్య ఉంటారు. వాళ్ళ మేనత్త కోటిరత్నం రెండిళ్ళ అవతల ఒక్కతే ఉంటుంది. అరవై ఆరేళ్ళు. ఆ కాలనీలో మగ్గాలన్నింటికీ పడుగు అతికేది ఆమే.

పడుగు అతకడమంటే మగ్గం చూడనివాళ్ళకు చెప్పాలి. చీరలో నిలువుగా నడిచే పోగుల్ని పడుగంటారు. ఒక పడుగు నేయడం అయిపోయాక దాని చివరి కొసల్ని మగ్గంలోనే ఉంచి, కొత్త పడుగు తెచ్చి, ఒక్కో పోగునూ ఒక్కో కొసకు అతకాలి. నాలుగు వేల పోగులు. ముడి వేయకూడదు, ముడి మగ్గంలోని సన్నటి సందుల్లోంచి దూరదు. వేళ్ళకు బూడిద అద్దుకుని రెండు కొసల్నీ కలిపి మెలిపెట్టాలి, అంతే. ఒక్క పోగు వదిలేసినా బట్ట పొడుగునా గీత పడుతుంది. కోటిరత్నం నలభై అయిదేళ్ళుగా ఒక్క పోగు వదల్లేదు.

ఆ కోటిరత్నానికి కుడి చేతి మణికట్టులో నరం నొక్కుకుపోయి బొటనవేలు మొద్దుబారుతోంది. శనివారం గుంటూరులో ఆపరేషను. నొప్పి పోతుంది గాని వేలికి స్పర్శ ఎంత తిరిగొస్తుందో చెప్పలేమన్నారు డాక్టర్లు. శుక్రవారం వీరయ్య మగ్గానికి కొత్త పడుగు అతకాలి. ఆమె చెయ్యి ఆమెది కాకుండా పోయేలోగా అదే ఆఖరి పడుగు.

నాంచారికి ముప్ఫై నాలుగేళ్ళు. ఇరవై ఏళ్ళు గుంట మగ్గంలో కాళ్ళు పెట్టి తొక్కీ తొక్కీ నడుం పోయింది. గుంటలోకి దిగితే లేవలేదు. పీట మీద కూర్చుని చేసుకోగలిగిన నేత పని పడుగు అతకడం ఒక్కటే. ఆరు నెలలుగా అత్త పక్కన కూర్చుని నేర్చుకుంటోంది. ఆమె అతికిన పోగులు చూడ్డానికి అత్త అతికినట్టే ఉంటాయి. నేత మొదలైన మూడో రోజుకు, నేసిన పోగుల్ని దగ్గరకు కొట్టే పలక దెబ్బకి ఒక్కొక్కటే జారిపోతాయి. కాస్త నెమ్మదిగా చేసి చూపించమంటే, నెమ్మదిగా చేసినప్పుడు కోటిరత్నం అతికినవీ జారిపోతాయి. తన వేళ్ళు ఏం చేస్తాయో ఆమెకే తెలియదు. వేగంగా చేస్తేనే వాటికి గుర్తొస్తుంది.

ఈ పని రాకపోతే నాంచారికి మిగిలేది గుంటూరు మిరపకాయల షెడ్డు. తొడిమెలు తీసే పని. పోయిన వేసవిలో ఒక వారం వెళ్ళొచ్చింది. చేతులు మండి అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నది. అప్పుడే భావనారాయణకు ఆలోచన వచ్చింది. అత్త చేతుల్ని తన కెమెరాతో తీసి, ఆ బొమ్మని పదింతలు నెమ్మదిగా నడిపించి చూస్తే అక్కకు కిటుకు దొరుకుతుందన్నాడు. కిటుకు ఏ పోగు దగ్గర బయటపడుతుందో తెలియదు కాబట్టి మొత్తం తీయాలి. మొత్తానికి నలభై నిమిషాల బ్యాటరీ ఏ మూలకూ చాలదు. ఇక్కడే నా అవసరం పడింది. ఒక మనిషి బతుకు నా మీద వేలాడుతోందన్న సంగతి తెలిసి నేను కొంచెం ఉబ్బిపోయాను. మూగదానినైనా ముఖ్యమైనదాన్నని సర్దుకున్నాను.

శుక్రవారం పొద్దున్నే మగ్గం పైదూలానికి పాత చీర అంచుతో కెమెరా కట్టారు. అది తల వంచి కిందికి చూస్తూ ఉంది. పవర్ బ్యాంకు గూట్లో పెట్టారు. నేను దూలం మీంచి గోడ వెంట దిగి, నేల మీద కాస్త పాకి, గూటికి ఎక్కాను. వీరయ్య నేసిన చీరలు అప్పజెప్పడానికి ఊళ్ళోకి వెళ్ళాడు. భావనారాయణ ఆఫీసుకు పోతూ చెప్పాడు.

"అక్కా, దేన్నీ ముట్టుకోమాకండి. కెమెరా మీద దీపం వెలుగుతా ఉంటే చాలు, పడతన్నట్టే."

కోటిరత్నం పీట మీద కూర్చుని, కొబ్బరి చిప్పలో బూడిద పక్కన పెట్టుకుని, పైకి చూసింది. "దాని ముందర నేను నవ్వాల్నా ఏందిరా?"

"నీ మొహం పడదత్తా. చేతులే."

"బతికిపోయింది" అని పని మొదలుపెట్టింది.

గంటసేపు అంతా సవ్యంగా నడిచింది. నేను బుద్ధిగా కరెంటు మోశాను. ఎనిమిదింటికి కోటిరత్నం తర్వాతి పోగుల కోసం పీట జరుపుకుంది. పీట కాలు నా మీద పడింది. ఆమె జరిగింది, పీట జరిగింది, నేను జరగలేదు. మస్తాన్ టేపు చుట్టిన చోటే పుటుక్కున తెగాను. రెండు ముక్కలయ్యాను.

నాంచారి నా రెండు ముక్కల్నీ చేతిలోకి తీసుకుంది. తమ్ముడికి ఫోను చేస్తే ఎత్తలేదు, పార్సిళ్ళు పంచే వేళ. మస్తాన్ కొట్టు తెరిచేది పదింటికి, ఆటో ఎక్కి పోయి రావడానికి ఇంకో గంట. అంతసేపు పని ఆపుదామంటే, మధ్యాహ్నం దాటితే బొటనవేలు బొత్తిగా పలకదని అత్త ముందే చెప్పింది.

"ఏందే అట్టా చూస్తన్నావు?" అంది కోటిరత్నం. "తెగింది, అతకాలి. ఇటివ్వు."

నా రెండు ముక్కలూ ఆమె ఒళ్ళోకి వెళ్ళాయి. టేపు ఊడదీసింది. ఇటు నాలుగు కొసలు, అటు నాలుగు కొసలు. ఎరుపూ నలుపూ అప్పుడే తెగి రాగి మెరుస్తున్నాయి. ఆకుపచ్చా తెలుపూ నున్నగా కోసి ఉన్నాయి. ఆమె వాటి తేడా చూసింది గాని దాన్ని తెగిన తీరులోని తేడా అనుకుంది. కొసల పైతొడుగు పళ్ళతో ఒలిచింది. వేళ్ళకు బూడిద అద్దుకుంది. ఎరుపుకి ఎరుపు, నలుపుకి నలుపు.

"అత్తా, ఈ రెండూ ముందే కోసున్నట్టుండయ్యి" అంది నాంచారి అనుమానంగా.

"కోస్తే? అతకొద్దా? నాలుగు పోగులుంటే రెండు అతికి రెండు గాలికి వదిలే పని నా చేత్తో కాదమ్మా. చీర పొడుగునా గీత పడుద్ది."

ఆకుపచ్చకి ఆకుపచ్చ, తెలుపుకి తెలుపు. నాలుగు అతుకులూ కలిపి అర నిమిషం పట్టలేదు. నాంచారి ఒక్కో అతుక్కీ విడిగా టేపు చుట్టింది. తీసుకెళ్ళి కెమెరాకు తగిలించింది.

ఆ క్షణంలో నా ఆనందం ఎలా చెప్పను. నాకు మాట వచ్చేసింది. మూడేళ్ళ డబ్బా, మస్తాన్ బ్లేడు, కూలి బతుకు, అన్నీ మర్చిపోయాను. కెమెరాతో గట్టిగా, దర్జాగా, నేనొచ్చానని చెప్పాను. కెమెరా వెంటనే చేస్తున్న పని ఆపి నా వైపు తిరిగింది. తన చిన్న తెర మీద ఒక కంప్యూటరు బొమ్మ వేసి, ఏం కావాలో అడగమన్నట్టు వినయంగా కూర్చుంది. ఇన్నాళ్ళకు నన్నొకరు గౌరవించారు. నేను ఏమీ అడగలేదు, అడగడానికి నా దగ్గర ఏముంది. ఇద్దరం ఒకరి మర్యాదకు ఒకరం మురిసిపోతూ ఆరు గంటలు అలాగే ఉన్నాం.

నాంచారి మధ్యమధ్య తల ఎత్తి చూసింది. తెర వెలుగుతోంది. బొమ్మ కూడా ఏదో ఉంది. తమ్ముడు చెప్పింది దీపం వెలిగితే చాలనే కదా. నిశ్చింతగా అత్తకు పోగులు అందిస్తూ కూర్చుంది. కింద కోటిరత్నం చేతులు నలభై అయిదేళ్ళ పనితనంతో ఆడుతున్నాయి. ఆ చేతుల్ని చూడాల్సిన కన్ను నా మాట వింటూ కూర్చుంది.

రెండింటికి భావనారాయణ అన్నం క్యారేజీతో వచ్చాడు. పైకి చూశాడు. క్యారేజీ కింద పెట్టాడు. వంగి నేల మీదున్న నా అతుకుల్ని తడిమి చూశాడు.

"అక్కా, దీన్ని ఎవరు అతికారు?"

"అత్త."

"నాలుగూ అతికిందా?"

"నాలుగూ ఉంటే నాలుగూ అతకనా?" అంది కోటిరత్నం.

అతను గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ రెండు తీగలూ ఎందుకు కోశారో చెప్పాడు. పొద్దున మొదటి గంట తప్ప ఏమీ పడలేదన్నాడు. ఆ గంటలోదీ పనికి రాదు, అప్పటికి అత్త వేళ్ళు ఇంకా వేగం అందుకోలేదు, ఆ మాట అత్తే అంది. అతకాల్సినవి ఇంకా నాలుగు వందల పోగులు మాత్రం ఉన్నాయి. కోటిరత్నం బొటనవేలు అప్పటికే కొయ్యముక్కలా అయిపోయింది, చూపుడు వేలితో నెట్టుకొస్తోంది. ఇప్పుడు తీసినా పడేది ఆ కుంటి పనే.

నాంచారి ఏడవలేదు. "పోనీలేరా. రేపు అత్తకి తోడు గుంటూరెట్టాగూ పోతాం కదా. అట్టనే ఆ షెడ్డులో మేస్త్రీని కూడా కలిసొస్తా" అంది. ఆ మాట అంత మామూలుగా అనడమే నాకు భరించరానిదిగా ఉంది. ఆరు గంటలు నేను అనుభవించిన గౌరవం ఖరీదు అది. సిగ్గుతో నా తొడుగు కరిగి కారిపోతే బాగుండనిపించింది.

భావనారాయణ లేచాడు. "ఉన్న నాలుగొందలైనా తీద్దాం" అని బ్లేడు తీశాడు.

కోటిరత్నం అతని చెయ్యి పట్టుకుంది. "ఏం చేస్తన్నావు?"

"ఆ రెండూ కోసేస్తానత్తా."

"నేను అతికిందాన్ని బ్లేడు పెట్టి కోస్తావా? నా అతుకుని కోసినోడు ఇంతవరకూ లేడు. తప్పు నాదే, ఒప్పుకుంటా. కావాలంటే విప్పుకోండి. కొయ్యనియ్యను."

"విప్పు మరి."

ఆమె తన బొటనవేలు చూసుకుంది. "నా వల్ల యాడయిద్ది? ఒసే నాంచారీ, నువ్వు విప్పవే."

నేను నాంచారి ఒళ్ళోకి దిగాను. ఆమె టేపు తీసి, వేళ్ళకు బూడిద అద్దుకుని, ఆకుపచ్చ అతుకు పట్టుకుంది. వెనక్కి తిప్పింది. రాలేదు. ఇంకా గట్టిగా తిప్పింది. బిగుసుకుంది. విసుగొచ్చి రెండు వైపులా పట్టుకుని లాగింది.

"లాగమాక" అంది కోటిరత్నం. "కళ్ళు మూసుకో. ఎటు తిరిగిందో వేలుని అడుగు."

నాంచారి కళ్ళు మూసుకుంది. ఆమె చూపుడు వేలి కొస నా ఆకుపచ్చ తీగ మీద ఒక్కో చుట్టూ తడుముకుంటూ నడిచింది. ఇన్నేళ్ళలో నాలోంచి వేల ఫోటోలు దాటిపోయినా అంత శ్రద్ధగా నన్నెవరూ చదవలేదు. వేలు ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్ళీ వెళ్ళి అక్కడే ఆగింది. ఈసారి ఆమె వెనక్కి కాకుండా ముందుకు తిప్పింది. తీగ వదులైంది. ఒకటిన్నర చుట్టు అటు విడివడి, చిన్న మడత ఒకటి బయటపడింది. మడత నిటారు చేసి, అప్పుడు వెనక్కి తిప్పితే మూడు చుట్లూ ఊడి ఆకుపచ్చ తీగ రెండుగా విడిపోయింది.

పత్తి పోగుని అతికాక విప్పడమంటూ ఉండదు, తెగి చేతికొస్తుంది. అందుకే ఆ కాలనీలో ఇన్నేళ్ళలో ఎవరూ కోటిరత్నం అతుకుని విప్పి చూడలేదు. నాది రాగి. ఎటు మెలిపెడితే అటే ఉండి, ఎలా తిరిగిందో మర్చిపోకుండా దాచుకుంటుంది. ఈ సంగతి అప్పటిదాకా నాకే తెలియదు.

నాంచారి తెల్ల తీగ విప్పలేదు. దాన్ని అలాగే పట్టుకుని మళ్ళీ తడిమింది. ముందుకు మూడు చుట్లు. మడత. వెనక్కి ఒకటిన్నర. అప్పుడు విప్పింది.

"అత్తా, నువ్వు ఎనక్కి కూడా తిప్పుతన్నావు."

"ఎక్కడ?"

"మెలేశాక మడిచి, మళ్ళీ ఎనక్కి. పై వేళ్ళు రెండూ పోగుని పట్టుకునే ఉంటయ్యి కదా, అరచేతి కింద ఉంగరం వేలితో అయ్యుండాలి. అందుకే లాగేకొద్దీ బిగుసుకుంటంది."

కోటిరత్నం కుడి చెయ్యి గాల్లోకి ఎత్తి, పోగు లేకుండానే పోగు అతికినట్టు వేళ్ళు ఆడించింది. ఉంగరం వేలు అరచేతి కిందకి ముడుచుకుని చిన్నగా కదిలింది. ఆమె దాన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"తిప్పుతన్నానా నేను? నలభై అయిదేళ్ళు. ఈ వేలు నాతో ఎప్పుడూ చెప్పలేదే."

భావనారాయణ పైన దూలానికి కట్టిన తన కెమెరా వైపు చూశాడు. అది పైనుంచి అత్త చేతి వెనక భాగాన్ని మాత్రమే చూడగలదు. అరచేతి కింద జరిగేది దానికి పదింతలు కాదు, వందింతలు నెమ్మదిగా నడిపినా కనిపించదు. అతనికీ ఆ సంగతి అర్థమైంది గాని పైకి అనలేదు. గొప్ప ఆలోచన చేసిన మనిషికి ఆ మాత్రం మర్యాద మిగుల్చుకునే హక్కు ఉంది.

నాంచారి జరిగి అత్త పీట మీద కూర్చుంది. ఒక పోగు, ఒక కొస. మూడు చుట్లు, మడత, ఒకటిన్నర. కోటిరత్నం ఆ అతుకు మీద చూపుడు వేలు వేసి లాగింది. ఇంకా లాగింది. పోగు వేరే చోట తెగింది గాని అతుకు జారలేదు. ఆమె తెగిన పోగు కొసని నాంచారికే అందించి బూడిద చిప్ప ఆమె వైపు తోసింది. నాంచారికి అప్పుడు ఏడుపొచ్చింది. మధ్యాహ్నమంతా ఆపుకున్నది ఒక్కసారిగా వచ్చింది. ఏడుస్తూనే తర్వాతి పోగు అతికింది. దీపాలు పెట్టే వేళకు నాలుగు వందలూ అయ్యాయి.

ఆ సాయంత్రమంతా ఎరుపు నలుపులతో నేను మళ్ళీ కరెంటు మోశాను. రెండోసారి మాట పోయింది గాని ఈసారి ఏడవలేదు. కెమెరా కూడా బుద్ధిగా అంతా తీసింది. అది తీసిందేమిటో చెబితే మీరు నమ్మరు. నాంచారి చూపు ఆనక పని మీదికి వంగి కూర్చుంది కాబట్టి, మూడు గంటల సేపు ఆమె నడినెత్తి పడింది. పాపిడి చాలా స్పష్టంగా వచ్చింది. భావనారాయణ ఆ వీడియోని నెల్లాళ్ళు దాచి, అరకు ప్రయాణానికి కార్డులో చోటు చాలక తుడిచేశాడు.

వీరయ్య ఆ పడుగు నేశాడు. మూడో రోజు నాంచారి మగ్గం పక్కనే కూర్చుని, పలక పడ్డప్పుడల్లా అతుకుల వైపు వంగి చూసింది. ఒక్క అతుకూ జారలేదు. గుంటూరు మేస్త్రీని ఆమె కలవలేదు. కోటిరత్నం బొటనవేలికి స్పర్శ సగం తిరిగొచ్చింది. చారులో ఉప్పు వేసుకోవడానికి చాలు, పోగు పట్టడానికి చాలదు. ఇప్పుడు ఆమె పని, గడప మీద కూర్చుని నాంచారి పనికి వంకలు పెట్టడం. అందులో కూడా ఆమెకు మంచి చెయ్యి ఉంది.

నన్ను భావనారాయణ మర్చిపోయాడు. కొత్త కెమెరా కొన్నాడు, దానికి తీగ దానితోనే వచ్చింది. నేను మగ్గం పక్కన మేకుకు వేలాడుతున్నాను. కరెంటు మోయను, కబురు మోయను. ఈ మధ్య కాలనీలో నడుం పోయిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే నాంచారి దగ్గరికి పని నేర్చుకోవడానికి వస్తున్నారు. వచ్చిన ప్రతి మనిషికీ నాంచారి ముందు పోగు ఇవ్వదు. నన్ను మేకు మీంచి తీసి, ఆకుపచ్చ తీగ అతికి, విప్పమని ఒళ్ళో పెడుతుంది. విప్పినప్పుడల్లా నా రాగి కాస్త తెగి రాలుతుంది. ఇప్పటికి ఆకుపచ్చ తీగ బెత్తెడు తరిగింది. ఇంకా చాలామందికి సరిపోతాను, తెల్ల తీగ కూడా ఉంది.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. స్టూడియోలో వేల పెళ్ళిళ్ళు మోశానని విర్రవీగాను గాని వాటిలో ఒక్కటీ నాకు అర్థమై మోసింది కాదు. నేను నిజంగా చేరవేసిన కబురు ఒక్కటే. అదీ నాలో కరెంటు లేనప్పుడు, నా మూతులు దేనికీ తగిలి లేనప్పుడు, కోసి పారేసిన తీగల్లోంచి వెళ్ళింది.

నిన్న శేషారత్నం అనే ఆమె వచ్చింది. నన్ను ఒళ్ళో పెట్టుకుని ఆకుపచ్చ అతుకుని వెనక్కి తిప్పింది. రాలేదు. గట్టిగా తిప్పింది. విసుగొచ్చి రెండు వైపులా పట్టుకుంది.

"లాగమాక వదినా" అంది నాంచారి. "కళ్ళు మూసుకో. ఎటు తిరిగిందో వేలుని అడుగు."

గడప మీద కోటిరత్నం వంకలు పెట్టడం ఆపి తల తిప్పి చూసింది. శేషారత్నం కళ్ళు మూసుకుంది. ఆమె వేలు నా మీద మెల్లగా నడవడం మొదలుపెట్టింది. నేను నోరు మూసుకుని ఉన్నాను.